కొత్త ఇనుముకు కానుగ నూనె

చిక్కవెంకటప్ప వల్ల ఫలానావాడికి మేలు జరిగిందని ఎవరైనా చెబితే, వెంకటరమణప్ప ఆ చెప్పినవాణ్ణి కూడా నమ్మడం మానేసేవాడు. చిక్కవెంకటప్ప స్వయానా ఆయన భార్యకు అన్న. మామగారు కూతురికి పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలానికి ఒక గట్టురాయి ఉండేది. మామగారు పోయిన ఏడాదే దానికి కాళ్ళొచ్చాయి. నడిచి నడిచి, రెండు మామిడి చెట్లు దాటి, చెల్లెలి పొలంలో నిలబడింది. "నేను జరిపితినా బావా? వానకు జారింటాది" అంటాడు చిక్కవెంకటప్ప. ఎగువకు జారే రాయిని వెంకటరమణప్ప భూమి పైన చూడలేదు, భూమి లోపలా చూడలేదు. లోపల ఆయన పాతికేళ్ళు పనిచేశాడు మరి.

ఆ తగాదా ఆదివారం పొద్దున తేలాలి. పెద్దమనిషి మునియప్ప ఆ పొలమున్న పల్లెకొచ్చి గట్టు దగ్గరే తీర్పు చెబుతానన్నాడు. మునియప్ప ఉండేది గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో. ఆయన్ని తన కారులో ఎక్కించుకుని, పల్లె నడిమధ్య దించాలని వెంకటరమణప్ప పథకం. పెద్దమనిషి ఎవరి బండి దిగితే సగం న్యాయం వాడి పక్కన దిగినట్టేనని ఆయన నమ్మకం.

బంగారు గనులు మూసేసినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో కొన్న పాత కారది. కొన్నాళ్ళుగా బ్రేకు నొక్కితే కీచుమని ఏడుస్తోంది. శనివారం ముందు చక్రాలు విప్పి చూస్తే లోపలి డిస్కులు అరిగి పలచబడ్డాయి, వేలు పెడితే గాట్లు తగులుతున్నాయి. డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం. రెండు వైపుల నుంచి ప్యాడ్లు దాన్ని గట్టిగా పట్టుకుంటేనే బండి నిలిచేది. ఒకటి మార్చి ఒకటి వదిలితే బండి ఒక పక్కకు లాగుతుందని రెండూ కొత్తవి తెచ్చాడు. గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, గనిలోకి దిగి యంత్రాలు బాగుచేసినవాడికి, చేతిలో స్పానరు ఉండగా మెకానిక్కును పిలవడం నామోషీ. కోరమండల్ గని కాలనీలోని తన ఇంటి ముందే కారును రాళ్ళ మీద నిలిపి, పాతవి ఊడదీసి, కొత్తవి బిగించి, పెట్రోలు గుడ్డతో అద్దంలా తుడిచాడు.

తుడుస్తూ పక్కింటి సీనప్పకు పాఠం చెప్పాడు. "దీనికి చుక్క నూనె తగలరాదప్పా. తగిలిందా, ప్యాడు జారతాది. బండి నిలవదు."

పాలు పోసేవాడికీ అదే చెప్పాడు. దారినపోయే తిమ్మప్పను ఆపి మరీ చెప్పాడు. ఇంట్లో భార్య మునిలక్ష్మమ్మకు మాత్రం చెప్పలేదు. ఇనుము సంగతులు ఆడవాళ్ళకు ఎందుకని.

చక్రాలు ఎక్కించబోతే ఒక నట్టు మర అరిగిపోయి ఉంది. కొత్త నట్టు కోసం బజారుకు పోయి వచ్చేసరికి మునిలక్ష్మమ్మ గుమ్మంలో చింతచిగురు ఏరుతోంది.

"యాడిది ఇది?"

"అన్న వచ్చి పోయినాడు. చెట్టెక్కి కోసినాడంట."

"తెల్లారితే పంచాయితీ ఉండాది. ఈపొద్దు నా ఇంటికి యాల వచ్చినాడు?"

"నీ ఇంటికి రాలేదులే. చెల్లెలి ఇంటికి వచ్చినాడు."

వెంకటరమణప్ప ఆ కోపమంతా నట్ల మీద చూపించి, మసక వెలుతురులోనే చక్రాలు బిగించేశాడు.

ఆదివారం పొద్దున కారు బయలుదేరింది. ముందు సీటు మునియప్పది కాబట్టి మునిలక్ష్మమ్మ వెనక కూర్చుంది. గని కార్మికుల ఇళ్ళ లైన్ల దగ్గరి దిగుడులో ఒక పంది రోడ్డుకు అడ్డంగా వచ్చింది. వెంకటరమణప్ప బ్రేకు నొక్కాడు. బండి నిలవలేదు, పందే తెలివిగా తప్పుకుంది.

"ఏమయ్యా, జోరుగా పోతాండావే."

"కొత్త డిస్కులు. రవంత అరిగినాక పట్టుకుంటాయి. నీకు తెలీదు."

రాబర్ట్‌సన్‌పేటలో మునియప్ప సందు మొదట్లో నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, భుజాన తువాలు, చంకలో గొడుగు. కారును చూసి చెయ్యెత్తాడు. వెంకటరమణప్ప బ్రేకును కారు అడుగు దాకా తొక్కాడు. కారు మాత్రం ఉత్సవ విగ్రహంలా పెద్దమనిషి ముందు నుంచి సాగిపోయింది. 'ఉండప్పా, వస్తాను' అని వెంకటరమణప్ప కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అది 'నువ్వక్కర్లేదు పో' అన్నట్టు కనిపించింది. వెనక సీటులోంచి మునిలక్ష్మమ్మ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. అది ఇంకా ఘోరంగా కనిపించింది.

గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, ఆదివారం సంతలో కారును తిప్పుకుని వచ్చేసరికి సందు ఖాళీ. మునియప్ప పల్లె బస్సు ఎక్కేశాడు. వెంకటరమణప్ప హారన్ కొట్టుకుంటూ బస్సు వెంట పడ్డాడు. ఊరి బయట బస్సు ఆగింది. ఆయన ఆగలేకపోయాడు. కిటికీ దగ్గర కూర్చున్న మునియప్ప చూస్తుండగానే, దుమ్ము లేపుకుంటూ, హారన్ ఆపకుండా, బస్సును దాటిపోయాడు.

"మునియప్ప ఆ బస్సులో ఉండాడు కదా," అంది మునిలక్ష్మమ్మ. "నిలిపి ఎక్కించుకోకూడదా? ఇంగో మాట, సీనప్ప పెండ్లాము పొద్దున—"

"సుమ్నే కూర్చో, మాట్లాడొద్దు."

పల్లె దగ్గర దారి చెరుకు బండి జారినట్టు కిందికి జారుతుంది. చిక్కవెంకటప్ప గట్టురాయి మీద కాలు పెట్టుకుని, నలుగురితో మాట్లాడుతున్నాడు. హారన్ మోగించుకుంటూ తన మీదికే వస్తున్న బావ కారును చూసి, ఆ కాలు తీసి, రెండో కాలితో కలిపి పరిగెత్తాడు. నలుగురూ నాలుగు దిక్కులకు పోయారు. వెనక చక్రాల బ్రేకు కొంతైనా పట్టింది కాబట్టి సరిపోయింది. లేకపోతే గట్టు పక్కనున్న రాగిగడ్డి వామి దాటి అవతల తేలేవాళ్ళు. కారు సగం దాకా వామిలోకి దూరి, చల్లబడింది.

చిక్కవెంకటప్పే మొదట వచ్చి, గడ్డి పీకి, తలుపు లాగాడు. "బావా, దెబ్బ తగిలిందా? చెల్లీ, నీకేమీ కాలేదు కదా?"

వెంకటరమణప్ప మీసంలో గడ్డితో దిగాడు. ఆయనకు అంతా తేటతెల్లమైంది. నిన్న సాయంత్రం, చక్రాలు విప్పి ఉన్నప్పుడు, తాను ఇంట్లో లేనప్పుడు, ఎవరు వచ్చారు?

అప్పటికి బస్సు దిగిన మునియప్ప గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. "ఏమప్పా వెంకటరమణప్పా, చెయ్యెత్తితే పొమ్మంటివి. బస్సులో పోతుంటే హారన్ కొట్టి ఎగతాళి చేస్తివి. తీర్పుకు నేను అక్కర్లేదా?"

"మునియప్పా, తప్పు నాది కాదు. ఈయన నిన్న నా ఇంటికొచ్చి నా బ్రేకు చెడిపినాడు. నేను పంచాయితీకి రాకుండా చంపేదానికి చూసినాడు."

"నేనా? నేను చింతచిగురు ఇచ్చేదానికి వస్తిని."

"అదే నాకు అనుమానం. ఏ పొద్దూ ఇవ్వనోడివి నిన్ననే యాల ఇచ్చినావు?" వెంకటరమణప్ప తన భుజం మీది తువాలు దులిపి, పందెం కాసినట్టు నలుగురి ముందు పరిచాడు. "అందరూ వినండప్పా. ఇప్పుడే చక్రం విప్పుతాను. ఆ ఇనుము మీద ఈయన చెయ్యి పడిందని తేలితే రాయి వెనక్కి పోవాల. పడలేదని తేలితే రాయి ఉన్నచోటే ఉండనీ. ఆ నేల ఆయనదే. ఇంగ జన్మలో నోరెత్తను."

"ఆలోచించి మాట్లాడు," అన్నాడు మునియప్ప.

"ఆలోచించినాను."

నలుగురూ కారును వామిలోంచి వెనక్కి లాగారు, చక్రం ఊడింది. డిస్కు నిండా నూనె జిడ్డు. నూనెతో కలిసి పసుపు. మధ్యలో, ప్యాడు తగలనిచోట, చెక్కుచెదరని కుంకుమ బొట్టు.

గుంపులోంచి ముసలి సొన్నమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నూనె, పసుపు, కుంకుమ. నాయనా, ఇది బ్రేకు చెడిపింది కాదు. చేతబడి."

గలాటా మొదలైంది. వామిలో గడ్డి పోతే పోయింది, ఊళ్ళో చేతబడి చేసేవాడు ఉంటే ఎట్లా అని ఒకడు చొక్కా చేతులు మడిచాడు. చిక్కవెంకటప్ప ముఖం పాలిపోయింది. వెంకటరమణప్పకు పాతికేళ్ళలో అంత ఆనందం కలగలేదు.

"దాన్ని పూసింది నేను," అంది మునిలక్ష్మమ్మ.

అందరూ తిరిగారు. ఆమె వామి పక్కన చీరకంటిన గడ్డి ఏరుకుంటూ నిలబడి ఉంది.

"నువ్వా? యాల?" అన్నాడు వెంకటరమణప్ప.

"కొత్త ఇనుము ఎండుగా గడప దాటకూడదు కదా. కానుగ నూనె పూసి బొట్టు పెట్టినాను. నీ మొదటి స్పానరుకు పెట్టినాను. నెత్తిన పెట్టుకునే దీపానికి పెట్టినాను. పాతికేండ్లు ఆ గనిలోకి దిగినావు, దినామూ పైకొచ్చినావు. నీ జతలో దిగి పైకి రానోళ్ళు ఎంతమంది ఉండారు. నువ్వు వచ్చింది కంపెనీ తెలివి అనుకుంటివా?"

వెంకటరమణప్ప వేలితో డిస్కు మీది కుంకుమను తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నూనె తగలరాదని ఊరంతా చెప్పినావంట," అంది ఆమె మెల్లగా. "సీనప్ప పెండ్లాము ఈపొద్దు చెప్పింది. నేను పూసింది నిన్న. నాకు ఒక మాట చెప్పింటే పూసేదాన్నా?"

"పొద్దున తెలిసింటే నాకు యాల చెప్పలేదు?"

"చెప్పబోతిని. సుమ్నే కూర్చో అంటివి."

మునియప్ప గొడుగు నేలకు ఆనించాడు. "నాకు పని లేకుండా నీ తీర్పు నువ్వే చెప్పుకున్నావప్పా. అయినా నేల ఆడబిడ్డది. ఏమమ్మా, నీ మొగుడి మాట నిలబెడతావా?"

మునిలక్ష్మమ్మ రెండు మామిడి చెట్లవైపు చూసింది. పిందెలు గుత్తులుగా వేలాడుతున్నాయి. "ఆయన మాట నేను ఎప్పుడు పడనిచ్చినాను?" అంది.

చిక్కవెంకటప్ప పెట్రోలు తెచ్చాడు, గుడ్డ తెచ్చాడు, రెండు చక్రాల దగ్గరా తానే గొంతుకూర్చుని డిస్కులూ ప్యాడ్లూ తుడిచాడు. చెల్లెలికి కొంగు నిండా పిందెలు పోశాడు. "ముద్ద తిని పో బావా" అని చెయ్యి పట్టి లాక్కుపోయాడు. చింతచిగురు పప్పుతో వెంకటరమణప్ప ఒక ముద్ద కోపంగా తిన్నాడు, రెండోది అడిగి తిన్నాడు.

తిరుగుదారిలో మునిలక్ష్మమ్మ ముందు సీటులో కూర్చుంది. ఆయన చెవి వెనక ఇరుక్కున్న గడ్డిపరక తీసి కిటికీలోంచి పారేసింది.

"అన్నను అనరాని మాటలంటివి. పాపం, నూనె సంగతి నేను మరిచిపోయింటే నిన్న గుర్తు చేసింది అన్ననే."

వెంకటరమణప్ప బ్రేకు తొక్కాడు. కారు గీత గీసినట్టు నిలిచిపోయింది. అద్భుతమైన బ్రేకు.

"ఏమన్నాడు?"

"'కొత్త ఇనుము ఎండుగా ఉండాదే చెల్లీ, మనమ్మ ఉండింటే ఊరకుండునా' అన్నాడు. అంతే. చెయ్యి కూడా పెట్టలేదు, దూరంగా నిలబడే చెప్పినాడు."

చిక్కవెంకటప్పకు సొంత ట్రాక్టరు ఉంది. దాని బ్రేకులు ఆయనే విప్పి, ఆయనే బిగిస్తాడు. బ్రేకుకు నూనె తగిలితే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వెంకటరమణప్ప కారును వెనక్కి తిప్పుదామని గేరు మీద చెయ్యి వేశాడు. కానీ తాను పందెం కాసింది బావమరిది చెయ్యి మీద. నోటి మీద కాదు.

"యాల నిలిపినావు? బ్రేకు మళ్ళీ చెడిందా?"

"లేదు," అన్నాడు. "బాగా పట్టుకుంటాండాది."

ఆయన కారును ముందుకే పోనిచ్చాడు. మొత్తం మీద పోయింది కాపుకొచ్చిన రెండు మామిడి చెట్లతో సహా మూడు గుంటల నేల. డిస్కులకు మాత్రం ఇవాళ్టికీ తుప్పు లేదు.