నక్షత్రాలపై విచారణ

ఆకాశంలోని నక్షత్రాలన్నీ అతినీలలోహిత కాంతిని ఇవ్వడం మానేశాయన్న భయంకర సత్యం 2006 జూలైలో ఒక మంగళవారం ఉదయం పదిన్నరకు వట్లూరులోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో బయటపడింది.

నాలుగేళ్లు కష్టపడి ఇందు మేడమ్ తయారుచేసిన వర్ణపటమాపని వారం క్రితమే పరీక్ష కోసం ఉపగ్రహం ఎక్కి అంతరిక్షానికి వెళ్లింది. కంటికి కనపడని ఆ కాంతిని విడదీసి కొలవడం దాని పని. ఏ నక్షత్రం వైపు తిప్పినా సున్నా! కారణమేమిటో శుక్రవారం సాయంత్రంలోగా రాసి పంపితేనే రెండో అవకాశమని ఉపగ్రహం వాళ్లు కబురు చేశారు. ఇందు మేడమ్‌కు అన్నం సయించలేదు.

"లోపం మన పరికరంలో ఎందుకుంటుందమ్మా? పూజ చేయించే పంపాం కదా! నక్షత్రాల్లో వెతకండి," అన్నారు ప్రిన్సిపాల్ ఈశ్వరరావు గారు.

నక్షత్రాల ప్రవర్తనపై త్రిసభ్య సంఘం వెంటనే ఏర్పడింది. మిట్టమధ్యాహ్నం మేడెక్కి చూసి, ఒక్క నక్షత్రమూ విధుల్లో లేదని నమోదు చేసింది. వార్త పేపరుకెక్కింది. తాడేపల్లిగూడెంలో ఒక వర్తకుడు నల్లకళ్లజోళ్లను సగం ధరకు వదిలించుకున్నాడు. కొల్లేరు చెరువుల యజమానులు ఆ కాంతి లేక చేపలు ఎదగడం లేదంటూ నష్టపరిహారం కోరారు.

శుక్రవారం ఇందు మేడమ్‌కు సన్మానం. "ఇంతటి చీకటిని కనిపెట్టిన ఘనత మన జిల్లాదే!" అని ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పారు.

శాలువాతోనే ఆమె ల్యాబుకు వచ్చి కూలబడింది. బల్ల మీద ఇత్తడి పళ్లెం, అందులో కొత్త కత్తెర. మూడు నెలలుగా అది అక్కడే ఉందని అప్పుడు తట్టింది.

"ఏలీయా గారూ, ఈ కత్తెర దేనికండీ?"

పాతికేళ్ల సర్వీసున్న అటెండరు ఏలీయా తల దించుకున్నాడు. ఇందు గడియారం చూసింది. నాలుగున్నర. కాగితం తీసి, అతను చెప్పింది చెప్పినట్టు రాసుకుంది.

"నేనేనండీ మేడమ్. మన పరికరం కంటి మీద మూత తియ్యలేదండీ. ఎర్ర రిబ్బను కట్టి, 'ముఖ్య అతిథి గారు మాత్రమే తీయవలెను' అని అట్ట అంటించానండీ. ఆవిష్కరణ రోజున ఆయన కొల్లేరులో అక్రమ చేపల చెరువుల గట్లు తెంచే పని ప్రారంభించడానికెళ్లి, మొదటి గట్టు తనదేనని తెలిసి అక్కడే ఆగిపోయారు కదండీ! మరి నన్ను తియ్యమంటారా? కిందటేడు మంచినీళ్ల కుళాయి ముసుగు ఆయన రాకముందే లాగానని మూడు నెలలు సస్పెండ్ చేశారండీ. ఆ కాగితం మీద మీరూ సంతకం పెట్టారండీ. రాకెట్ వాళ్లు కూడా ముట్టుకోలేదంటే, వాళ్లకీ ఉద్యోగాలున్నాయి కదండీ! ఇప్పుడేం మించిపోలేదు లెండి. మూత భద్రంగా ఉంది, కత్తెర ఇక్కడే ఉంది. ఆయన్ని ఎప్పుడు పైకి పంపిస్తారో చెప్పండి."