కొండదారిలో ఇంటూ మార్కులు

సెలవుల మొదటి రోజు పొద్దున్నే లెక్కల లెక్చరర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొండలూ సముద్రమూ ఒరుసుకునే ఆ ఊళ్ళో, అద్దె ఇంటి నుంచి లైట్‌హౌస్ దాకా ఎత్తుపల్లాలు లేని సైకిలు దారి ఒకటి కనుక్కోవాలి. అయిదో రోజున, అంటే సెలవుల ఆఖరి రోజున, భార్యను ఆ దారిలో తీసుకువెళ్ళాలి. కాలేజీ రోజుల తర్వాత సైకిలు ముట్టని ఆవిడ ఒకే షరతు మీద ఒప్పుకుంది.

"ఎక్కడైనా ఎత్తు తగిలిందా, అక్కడే కూలబడతాను. నన్నూ సైకిలునీ మీరే మోసుకు రావాలి."

"ఎత్తు అన్న మాటే రానివ్వను, చూడు," అన్నాడాయన.

ఇంటి వెనక సందు ఒక పాత తారు రోడ్డులో కలుస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమ దారి మొదట్లోనే పైకి లేచింది కనక ఆయన దాన్ని కొట్టిపారేశాడు. కుడి దారి సముద్రం పక్కనే బల్లపరుపుగా ఉంది. ఉన్నట్టు అనిపించింది, అంతే. పొగమంచులో నాలుగు బారల అవతల ఏమీ కనపడలేదు. సముద్రం కూడా వినపడడమే. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే సుద్దముక్క తీసి కుడివైపుకి బాణం గీశాడు. పక్కన గుండ్రటి అక్షరాలతో 'ఇటు రండి' అని రాశాడు. తెల్ల రెయిన్‌కోటు దులుపుకుని వెనక్కి వచ్చాడు.

మర్నాడు వెళ్ళి చూస్తే బాణం మీద ఎర్రటి ఇంటూ మార్కు. పక్కన '18'.

పాతికేళ్ళుగా పేపర్లు దిద్దుతున్న మనిషి ఎర్ర గుర్తును ఇంకోలా చూడలేడు. తన జవాబును ఎవరో దిద్దారు. 'తప్పు కొట్టి మళ్ళీ ఇరవైకి పద్దెనిమిది వేయడమేమిటి? స్టెప్ మార్కులు కాబోలు' అనుకుని, ఇంకాస్త శ్రద్ధగా మరో బాణం వేశాడు. మొదటి జవాబు పాస్ కాకుండా రెండో లెక్కకు వెళ్ళడం ఆయన జాతకంలో లేదు. అందుకే అక్కణ్ణుంచి ముందుకు కదల్లేదు.

మూడో రోజు దానికీ ఇంటూ పడింది. ఈసారి '11'. చుట్టూ మనిషి జాడ లేదు. వేలు పెడితే రంగు ఇంకా పచ్చిగా ఉంది.  అయినా ఆయన బాణం కొసన 'తప్పెక్కడో చూపగలరు' అని రాసి సంతకం పెట్టి వచ్చాడు.

"మీకంటే ముందు లేచి మీ తప్పులు పట్టేవాళ్ళెవరండీ? నేను ఇక్కడే పడుకుని ఉన్నానుగా," అంది భార్య.

ఆ మాటలు విని, వాకిలి ఊడుస్తున్న ఇంటి ఓనరమ్మ చీపురు ఆపింది. "ఆ దారిలోకా వెళ్తున్నారు? పొద్దున్నే అక్కడ ఏదో తెల్లగా తిరుగుతోందట బాబూ. పనికి వచ్చిన ఇద్దరికి జ్వరం పట్టుకుంది. ఎవరైనా పిలిస్తే పలక్కండి."

"తెల్లగా కాదండీ, ఎర్రగా," అని లెక్చరర్ సరిదిద్దాడు. ఓనరమ్మ ఆ తర్వాత అటువైపు ఊడవలేదు.

నాలుగో రోజు '4'. ప్రశ్నకు జవాబు లేదు. ఆయన పెట్టిన సంతకం సగమే మిగిలింది. మిగతా సగం ఉండాల్సిన చోట పొగమంచు ఉంది. తడికి చెరిగిందనుకున్నాడు. ఎక్కడో రాళ్ళు జారిన చప్పుడు, చాలాసేపటికి నీళ్ళ చప్పుడు వినపడ్డాయి.

అయిదో రోజు ఆయన ముందుగా లేచాడు. "అరగంట ఆగి బాణం చూసుకుంటూ వచ్చేయ్. దిద్దేవాణ్ణి ఇవాళ పట్టుకుంటాను," అని భార్యకు చెప్పి, దారి చీలే చోట మనిషంత బాణం వేసి, కుడి దారిలో సైకిలు నిలిపి కాపు కాశాడు. చాలాసేపటికి పొగమంచులోంచి ఒక ఎర్ర రంగు డబ్బా వచ్చింది. దాని వెనక ఒక చెయ్యి వచ్చింది.

"ఎవరక్కడ?" అన్నాడు లెక్చరర్.

డబ్బా కింద పడింది. "నేను రాను! నువ్వెన్ని బాణాలు వేసినా రాను! పిల్లలు గలవాణ్ణి!"

"నాలుగే మార్కులు ఎందుకు వేశావో ముందు అది చెప్పు."

"నువ్వు... మీరు మనిషేనా?"

"లెక్కల లెక్చరర్ని."

అది జవాబో కాదో డబ్బా పట్టుకొచ్చిన రోడ్డు మేస్త్రీకి తెలియలేదు. వంగి, ఆయన పాదాలు ముందుకే తిరిగి ఉన్నాయని చూసుకున్నాక ఊపిరి పీల్చాడు. ఎక్కడో సైకిలు బెల్లు ఒకసారి మోగింది. మళ్ళీ మోగలేదు.

"మార్కులేంటి సార్! కొండ కిందనుంచి కోసుకుపోతోంది. గుర్తు నుంచి అంచుకి ఎన్ని అడుగులు మిగిలాయో రోజూ కొలిచి రాస్తున్నాం. మెయిన్ రోడ్డు వైపు బారికేడ్లు పెట్టాం, ఈ సందులోంచి దూరతారని ఎవడికి తెలుసు? వచ్చి చూస్తే అంచుకేసి బాణం, 'ఇటు రండి' అని! ఇద్దరు పని మానేసి పోయారు."

లెక్చరర్ తన సైకిలు ముందు చక్రం వైపు చూశాడు. చక్రానికి జానెడు అవతల దాకా తారు ఉంది. ఆ తర్వాత తెల్లదనం ఉంది. ఎవరూ తన్నకుండానే ఒక గులకరాయి ఆ తెల్లదనంలోకి జారిపోయింది. పడిన చప్పుడు ఎంతకీ రాలేదు.

"మా ఆవిడ," అన్నాడు. "బాణం చూసుకుంటూ రమ్మన్నాను. ఆ బెల్లు ఆవిడదే."

ఇద్దరూ ఇంటికి పరిగెత్తారు. తలుపుకి తాళం. సైకిలు లేదు. మళ్ళీ వెనక్కి పరిగెత్తి, అంచున బోర్లా పడుకుని కిందికి కేకలు వేశారు. సముద్రం ఒక్కటే పలికింది. లెక్చరర్ వచ్చి తను వేసిన బాణం మీదే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇరవై రెండేళ్ళు, మేస్త్రీ! నా చేత్తో నేనే..."

"సార్, ఏడుపు ఆపి ఇటు చూడండి," అన్నాడు మేస్త్రీ. సందు చివర బురదలో సన్నటి టైరు గుర్తు ఉంది. అది ఎడమకు తిరిగింది.

ఎడమ దారిలో ఎత్తు ముప్ఫై అడుగులు కూడా లేదు. ఆ పైన దారి కొండ వెనకగా అరచేతిలా సాగింది. పొగమంచు విడిపోయింది. లైట్‌హౌస్ గోడ మీద ఆవిడ చెప్పులు విప్పుకుని, కాళ్ళు ఊపుతూ కూర్చుని ఉంది.

"ఎంత చక్కటి దారండీ! మొదట్లో కాస్త దిగి నడిపించాను, అంతే. అలా రొప్పుతున్నారేం?"

ఆయన ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. 

"కుడివైపు బాణం చూడలేదామ్మా?" అన్నాడు మేస్త్రీ.

"చూడకేం? మనిషంత వేశారుగా. పెళ్ళయిన కొత్తలో ఈయన చెప్పిన ప్లాట్‌ఫారం మీద మూడు గంటలు నిలబడ్డాను బాబూ. అప్పట్నుంచీ ఈయన ఎటు అంటే దానికి రెండో వైపు వెళ్తున్నాను. ఇంతవరకూ ఎక్కడా తప్పిపోలేదు."

మామూలుగా అయితే లెక్చరర్ గంటసేపు వాదించేవాడు. ఇవాళ కళ్ళు తుడుచుకుని, "ఇంటికి ఎటు వెళ్దాం?" అని మాత్రం అడిగాడు.

"మీకు ఎటు అనిపిస్తోందో ముందు చెప్పండి," అంది ఆవిడ.