రిమార్కుల గడిలో రెండేళ్లు

తొమ్మిదిన్నరకు ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కడం, తొమ్మిదీ ముప్పై అయిదుకు టీ తాగడం. ఆ ఉదయానికి లైబ్రేరియన్ గారు వేసుకున్న ప్రణాళిక ఇంతే. పదకొండు వేల పుస్తకాల జాబితా పన్నెండులోగా హెడ్డాఫీసుకు చేరాలి. చేరకపోతే ఈ శాఖను ఎత్తేస్తారు. ఆయన్ని గోడౌనుకు, క్యాటలాగు మేడమ్‌ను ఊరి ఆ చివరకు బదిలీ చేస్తారు. అయినా ఆయనకు బెంగ లేదు. కంప్యూటర్ తన మాట జవదాటదని గట్టి నమ్మకం.

నొక్కారు. "4117వ రికార్డులో లోపం. ఎక్స్‌పోర్ట్ ఆగిపోయింది" అని తెర మీద పడింది.

ఆ నంబరు పైకి చదివేసి ఆయన నాలుక కరుచుకున్నారు. ఎదురు బల్ల దగ్గర మేడమ్ తలొంచుకుని లేని దుమ్ము తుడవసాగింది.

సంగతేమిటంటే, కిటికీ తెరవాలా మూయాలా అన్న పేచీతో వాళ్లిద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. పని మాత్రం ఆగకూడదు కదా! అందుకని చెప్పుకోవలసినవన్నీ, ఎవరూ అడగని 'మట్టి పరీక్షలు, మూడో సంపుటం' రికార్డులో, రిమార్కుల గడిలో టైపు చేసుకునేవారు. అదే 4117.

"ఏం లేదు, మౌసు పాడైంది" అన్నారాయన ధీమాగా, గోడతో చెబుతున్నట్టు. మౌసు మార్చారు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశారు. చివరకు 4117ను వదిలేసి మిగతా జాబితా పంపేశారు. వెంటనే హెడ్డాఫీసు నుంచి ఫోను.

"ఒక పుస్తకం తక్కువైందేం? పోగొట్టారా?"

"అబ్బే, 'మట్టి పరీక్షలు' మూడో సంపుటం, వెతుకుతున్నామండీ!" అని నోరు జారారు.

అది విన్న పాఠకులు పేపర్లు పక్కన పడేసి అల్మరాలన్నీ గాలించారు. అరగంటలో పుస్తకం పట్టుకుని ఆఫీసు గదిలోకి గుంపుగా వచ్చారు. "ఇదుగో సార్, దొరికింది! ఇక పంపేయండి" అన్నారు. పంపేదాకా కదిలేట్టు కనిపించలేదు.

పదకొండున్నరకు గత్యంతరం లేక ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోను చేసి, స్పీకర్ పెట్టారు. అవతలి అమ్మాయి అక్కడినుంచే రికార్డు తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది.

"'కిటికీ మూయండి. మూయను. మూయరని తెలిసే రాస్తున్నా. మీ సెలవు మంజూరు చేశాను, దానికీ కిటికీకీ సంబంధం లేదు.' సార్, ఈ గడిలో రెండు వేల అక్షరాలే పట్టాలి. మీవి లక్ష దాటాయి. తీసేయమంటారా?"

"వద్దు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. రెండేళ్లలో వాళ్లు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

ఆ లక్ష అక్షరాల్లో 'తప్పు నాదే' అని మేడమ్ ఒప్పుకున్న రోజు ఒకటుంది. ఆయన ఒప్పుకున్న రోజులు రెండున్నాయి. ఎదుటివాళ్లు ఒప్పుకున్న సాక్ష్యం ఎవరికి వాళ్లకు ప్రాణం.

"పోనీ, కాపీ తీసి పంపుతాను. ఒక్కరికే పంపే వీలుంది. ఎవరికి పంపను?"

"నాకు!" మళ్లీ ఇద్దరూ.

"మేడమ్‌కే ఇవ్వాలి" అన్నారు కొందరు పాఠకులు. "అదెలా కుదురుతుంది? సార్‌కే" అన్నారు మిగతావాళ్లు. పన్నెండుకు పది నిమిషాలే ఉంది.

"ఊరి ఆ చివరికి రెండు బస్సులు మారాలి" అంది మేడమ్ మెల్లగా. ఆయనలా గోడతో కాదు, నేరుగా ఆయనతోనే.

ఆవిడ లేని గోడౌనులో తను పోట్లాడేది ఎవరితో? ఆ ఊహకే ఆయనకు నిజంగా దిగులు వేసింది.

"మొత్తం తుడిచెయ్యమ్మా" అన్నారు ఫోనులోకి. "నా తప్పులు రెండూ నాకు గుర్తే."

"నాదొకటి నాకూ గుర్తుంది లెండి" అంది మేడమ్.

రెండు నిమిషాలు మిగిలుండగా జాబితా వెళ్లింది. మూడింటికి హెడ్డాఫీసు ఉత్తర్వు వచ్చింది. జాబితా సకాలంలో అందిందట. పైగా, రెండేళ్లుగా సిబ్బంది చప్పుడు మీద ఒక్క ఫిర్యాదూ రాని శాఖ ఇదొక్కటే కనుక ఇకపై ఎత్తివేత మాటే లేదట. ఆ కబురు ఒకరికొకరు చదివి వినిపించుకోవడంతో మొదలైన మాటలు నాలుగైనా ఆగలేదు.

నాలుగుంపావుకు, పాఠకులందరూ సంతకాలు చేసిన మొదటి ఫిర్యాదు అందింది.