పూర్వ నివాసి ధ్రువపత్రం

"ఊరిని బతికించే పవిత్ర బాధ్యత ఊరు విడిచి వెళ్లినవాళ్లదే. ఎందుకంటే ఊరి విలువ తెలిసింది వాళ్లకే!"

మూతపడ్డ నూలుమిల్లు గేటు ముందు నిలబడి మంత్రిగారు ఈ ప్రకటన చేసినప్పుడు చప్పట్లు మార్మోగాయి. నేనూ కొట్టాను. పుట్టినప్పటి నుంచి ఇక్కడే పడి ఉన్నవాణ్ని కాబట్టి ఊరి విలువ నాకు తెలియదన్న సంగతి ఆ క్షణం దాకా నాకు తెలియదు. తెలియనివి తెలియజెప్పడానికే కదా మంత్రులున్నది.

మంత్రిగారిదీ మా ఊరే. ఇక్కడి ఆసుపత్రిలో పుట్టి, మూడో నెలలో వెళ్లిపోయారు. "ఈ వీధుల్లోనే పరుగులు తీశాను" అంటూ ఆ రోజు రెండుసార్లు కళ్లు తుడుచుకున్నారు. మూడో నెలకే పరుగులు తీసిన మనిషి ఆ పదవికి చేరుకోవడంలో వింతేముంది?

ఆయన ఆశీస్సులతో రాజధానిలో పునరుజ్జీవన సమితి వెలిసింది. ఊరు విడిచి వెళ్లిన నాలుగువేల మంది అందులో చేరారు. కార్యదర్శిగా ఒక రిటైర్డ్ ఇన్సూరెన్స్ ఆఫీసరు కుదిరారు. "మా ఊరు" అనకుండా ఆయన మంచినీళ్లు కూడా అడగరు. ఆ ఊరి మొహం చూసి మాత్రం ముప్ఫై ఏళ్లయింది. ప్రేమ ఎక్కువైనప్పుడు చూడటానికి గుండె ఒప్పుకోదు.

ఇక మా సంగతి. మిల్లు మూతపడ్డాక ఊళ్లో మిగిలింది పద్దెనిమిది వందల మందిమి. పన్నెండు బస్సులు రెండయ్యాయి. నాది బస్టాండు ఎదురుగా జిరాక్స్, టైపింగ్ షాపు. మా అక్కయ్య స్కూలు టీచరు. స్కూలంతటికీ టీచరు తనొక్కతే. రెండు గదుల కప్పు కూలిపోయింది కాబట్టి ఐదు తరగతుల పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటారు. ఎడమవైపు వాళ్లకు ఎక్కాలు చెబుతుంది, కుడివైపు వాళ్లకు వ్యాకరణం. మధ్యలో కూర్చున్నవాళ్లకు రెండూ వస్తాయి.

సమితి సంగతి పేపర్లో చదివి అక్కయ్య నా షాపుకు వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఒక అర్జీ టైపు చెయ్యి. ఆ రెండు గదులకీ కప్పు, ఇంకో టీచరు. అంతే. ఇంకేం అడగొద్దు."

"ఊరినే బతికిస్తామంటున్నారు. రెండు గదులడిగితే చిన్నతనంగా ఉండదూ?"

"ముందు గదులు బతకనీ, తర్వాత ఊరు."

అర్జీ పట్టుకుని ఇద్దరం రాజధానికి వెళ్లాం. సమితి ఆఫీసు ఏడో అంతస్తులో ఉంది. హాలు మధ్యలో అద్దాల పెట్టెలో మా ఊరి నమూనా పెట్టారు. మిల్లు గొట్టంలోంచి పొగ రావడానికి దూది అంటించారు. నేను నా షాపు కోసం వెతికాను. ఆ చోట నీలిరంగు ఫౌంటెన్ ఉంది.

"అక్కడ ఫౌంటెన్ లేదండీ. నా షాపుంది" అన్నాను.

"ఉండేది" అన్నారు కార్యదర్శి.

"ఎప్పుడూ లేదండీ."

"ఉండాల్సింది" అన్నారాయన, అద్దాన్ని ప్రేమగా నిమురుతూ. ఇక వాదించడానికి నాకు మనసొప్పలేదు.

అక్కయ్య అర్జీ అందించింది. ఆయన అది చదవకుండానే కళ్లజోడు తీశారు.

"మీరు సభ్యులేనామ్మా?"

"మేం ఆ ఊరివాళ్లమండీ."

"అదే చిక్కు. మా నియమావళి ప్రకారం ఓటూ, అర్జీ పెట్టే హక్కూ పూర్వ నివాసులకే. మీరు ప్రస్తుతం అక్కడే ఉంటున్నారాయె."

"మరి మా మాట ఎవరు వింటారు?"

"మీరు పూర్వులైతే మేమే వింటాం."

"పూర్వీకులయ్యేదాకా ఆగమంటారా?" అంది అక్కయ్య.

ఆయన నవ్వలేదు. ఇంటిని చంటిపిల్లల చేతికి వదిలేసినట్టు ఊరిని ఊరివాళ్లకు వదిలెయ్యడం బాధ్యతారాహిత్యమని ఓపిగ్గా వివరించారు. లిఫ్టు దాకా వచ్చి సాగనంపారు కూడా. అంత పెద్దమనిషి.

తర్వాత పని మొదలైంది. సమితి వేసిన స్మృతి ఉపసంఘం కొలత టేపులు, నోటుపుస్తకాలతో కారులో దిగింది. మిల్లు సైరన్ మళ్లీ మోగితే ఊళ్లోకి జీవం వస్తుందని తేల్చింది. అయితే సైరన్ అప్పట్లో ఐదున్నరకు మోగేదని ఒక వర్గం, ఆరింటికని ఇంకో వర్గం. పూటంతా నా షాపు ముందే కాలర్లు పట్టుకున్నారు. చివరకు మంత్రిగారు ఫోన్లో జోక్యం చేసుకుని ఐదూ ముప్పావుకు రాజీ కుదిర్చారు. ఆ విధంగా, చరిత్రలో ఎన్నడూ మోగని సమయానికి, నడవని మిల్లు సైరన్ రోజూ పొద్దున్నే మోగసాగింది. ఊరంతా ఠంచనుగా లేచేది. లేచి ఏం చెయ్యాలన్నది వచ్చే సమావేశం ఎజెండాలో ఉందన్నారు.

దారి చూపించినవాడు దర్జీ. పని లేక, రాజధానిలో అన్నగారింటికి వెళ్లిపోదామనుకున్నాడు. పోతూపోతూ సభ్యత్వం తీసుకుందామని మున్సిపల్ కమిషనరుగారి దగ్గర పూర్వ నివాసి ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాడు. కాగితాలు టైపు చేసింది నేనే కాబట్టి నేనూ వెంట వెళ్లాను.

"వెళ్లిపోతున్నవాడికి ఇవ్వలేనయ్యా. వెళ్లిపోయినవాడికే ఇస్తాను" అన్నారు కమిషనరుగారు.

"అయితే వెళ్లాక పోస్టులో పంపిస్తారాండీ?"

"కుదరదు. దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావాలి."

"హాజరైతే ఊళ్లో ఉన్నట్టే కదండీ?"

"అందుకే గుమ్మం అవతల నిలబడమంటున్నాను."

దర్జీ గుమ్మం దాటి నిలబడ్డాడు. కమిషనరుగారు సంతకం చేసిన కాగితాన్ని కిటికీలోంచి అందించారు. మా ఊళ్లో పాలన ఇంత చురుగ్గా సాగడం అదే మొదటిసారి.

సమితిలో దర్జీ అర్జీ పెట్టి నెల తిరక్కుండా, అతను తాళం వేసిన ఇంటి ముందు కొత్త వీధిదీపం వెలిగింది. పదిహేనేళ్లుగా ఆ వీధివాళ్లు దీపం కోసం అర్జీలు పెడుతూనే ఉన్నారు. అర్జీలన్నీ నేనే టైపు చేశాను, నాకు తెలుసు. వీధివాళ్లంతా చేరి ఆ దీపం వెలుగులో నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మర్నాడు నా షాపు ముందు క్యూ కట్టారు.

పాలాయన వెళ్లి తన సందుకు సిమెంటు రోడ్డు తెప్పించాడు. నర్సమ్మ వెళ్లి ఆసుపత్రికి ఎక్స్‌రే మిషన్ శాంక్షన్ చేయించింది. ఆ మిషన్ నడపాల్సింది నర్సమ్మే, ఆమె ఇప్పుడు ఏడో అంతస్తులో మహిళా విభాగం చూస్తోంది. ఊరు రోజుకో రకంగా బాగుపడుతూంటే చూడటానికి రెండు కళ్లూ చాలేవి కావు. రానురాను చూసే కళ్లే తగ్గిపోయాయి.

అక్కయ్య మాత్రం కదలలేదు. అరవై ఇద్దరు పిల్లలు నలభై అయ్యారు, ఇరవై అయ్యారు. పన్నెండు మంది మిగిలాక ఒక సాయంత్రం వచ్చి, నా షాపు బల్ల మీద కూర్చుంది.

"నా దరఖాస్తు కూడా కొట్టరా" అంది.

"నువ్వా?"

"వెళ్లి ఓటేసి, కప్పు వేయించుకుని వచ్చేస్తాను. నెల పనే. ఈ పన్నెండు మందికీ సెలవులని చెప్పాను."

నేను టైపు చేశాను. 'ఊరు విడిచి వెళ్లుటకు కారణం' అన్నచోట 'ఊరు' అని రాయమంది. రాశాను. సంతకం పెట్టి, అలవాటుగా కింద 'స్కూలు టీచరు' అని రాసి, కొట్టేసింది. నేను చూడనట్టు మిషన్లో కాగితాలు సర్దాను.

టీచరమ్మే లేని ఊళ్లో మనమెందుకని ఆ పన్నెండు మంది పిల్లల తల్లిదండ్రులూ మర్నాడే దరఖాస్తుల కోసం నా షాపుకు వచ్చారు. ఆ తర్వాత నేను మిగిలాను. జిరాక్స్ చేయించుకునేవాళ్లు లేక నా దరఖాస్తు నేనే జిరాక్స్ చేసుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. కమిషనరుగారు తన ధ్రువపత్రం మీద తనే సంతకం చేసుకుంటున్నారు.

"మంచి సమయానికొచ్చావయ్యా. ముందు ఇదొక కాపీ తీసిపెట్టు" అన్నారు.

సర్వసభ్య సమావేశంలో అక్కయ్య తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నెగ్గక ఏం చేస్తుంది? హాలు నిండా మా ఊరే ఉంది. చప్పట్లు కొడుతున్నవాళ్లను అక్కయ్య వరసగా చూస్తూ వచ్చింది. అరవై ఇద్దరు పిల్లలూ అమ్మానాన్నల ఒళ్లలోనూ, కుర్చీల సందుల్లోనూ ఉన్నారు. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఉపన్యాసం అనుకున్నారు అందరూ. హాజరు వేసుకుంటోందని నాకు తెలుసు. సమితి ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకుంది. అందుకని ఇక ఊరికి తిరిగి వెళ్లి ఉండే హక్కు నియమావళి ప్రకారం పోయింది.

ప్రారంభోత్సవానికి నలభై బస్సుల్లో వెళ్లాం. స్కూలుకు కొత్త కప్పు, కొత్త బెంచీలు, గోడలకు రంగులు. కొత్తగా వేసిన ఇద్దరు టీచర్లు కూడా మా బస్సులోనే వచ్చారు. వాళ్లకు తిరుగు ప్రయాణం సీట్లు కూడా రిజర్వు చేశారు. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. "ఈ రోజు ఈ ఊరు మళ్లీ పుట్టింది" అన్నారు. అందరం బ్యాడ్జీలు సవరించుకుని చప్పట్లు కొట్టాం.

కార్యక్రమంలో చివరి అంశం 'స్థానికుల వందన సమర్పణ'. కార్యదర్శి మైకు అందుకున్నారు.

"స్థానికులు ఎవరైనా ఒకరు వేదిక మీదకి రావాలి."

ఎవరూ రాలేదు.

"సిగ్గుపడకండి. ఎవరో ఒకరు."

మేం ఒకరినొకరం చూసుకున్నాం. అలవాటు చొప్పున అక్కయ్య చెయ్యి పైకి లేచింది.

"అమ్మా, మీరు మా ఉపాధ్యక్షురాలు. దయచేసి దించండి" అన్నారు కార్యదర్శి, మెల్లగా. మంత్రిగారు వాచీ చూసుకున్నారు. పత్రికలవాళ్లు కెమెరాలు ఎత్తి పట్టుకుని ఉన్నారు.

అప్పుడు స్కూలు వరండాలోంచి జనరేటర్ మనిషి లేచి వచ్చాడు. ఊళ్లో కరెంటు బిల్లు కట్టేవాళ్లు లేరని లైను తీసేశారు కాబట్టి, మైకు కోసం పక్క జిల్లా నుంచి జనరేటర్ తెప్పించారు. దానితోపాటు వచ్చిన మనిషి.

"నేను నాలుగు రోజుల్నించి ఇక్కడే ఉంటున్నానండి. నేను పనికొస్తానా?"

కార్యదర్శి మంత్రిగారి వైపు చూశారు. మంత్రిగారు తలూపారు. జనరేటర్ మనిషి మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"అందరికీ థాంక్సండి. ఊరు చాలా బాగుంది. మనుషుల గొడవ లేదు. డీజిల్ అయిపోవస్తోంది, తొందరగా కానివ్వండి."

మంత్రిగారు చటాలున లేచి ఆయన్ను కౌగిలించుకున్నారు. ఫ్లాషులు మెరిశాయి. "ఎంత నిరాడంబరం! ఇదీ ఈ ఊరి మాట తీరు" అన్నారు మంత్రిగారు. మర్నాడు పేపర్లన్నిటిలో ఆ ఫోటోనే. 'ఆనందబాష్పాలతో స్థానికులు' అని కింద రాశారు. ఆయన కళ్లు చెమర్చిన మాట నిజమే, జనరేటర్ పొగ అలాంటిది.

సభ ముగిసింది. మేం బస్సులెక్కుతున్నాం. జనరేటర్ను లారీకెక్కించి ఆయన కూడా బయల్దేరబోతూంటే కార్యదర్శి ఒక ఫారం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"ఊరు విడిచి వెళ్తున్నారు కదా?"

"అవునండి. రేపు ఇంకో చోట ఫంక్షనుంది."

"అయితే సభ్యత్వం తీసుకోండి. మీలాంటివాళ్లు సమితికి కావాలి."

ఆయన ఫారాన్ని నా వీపు మీద పెట్టుకుని రాశాడు. తన పేరు రాశాడు, తండ్రి పేరు రాశాడు. 'స్వస్థలం' అన్నచోటికి వచ్చేసరికి కలం ఆగింది.

"ఏమనుకోకండి గానీ, ఈ ఊరి పేరేంటండీ?" అని నన్నడిగాడు.

నేను చెప్పాను. తప్పు పోకుండా, ఒక్కో అక్షరం విడదీసి మరీ చెప్పాను.