ఇథైల్ వారి కోడలు

గంధవరం రిజిస్ట్రారు కార్యాలయంలో బుధ, శుక్రవారాల్లో ఆమ్లాల ఇంటి అమ్మాయిలకూ ఆల్కహాళ్ల ఇంటి అబ్బాయిలకూ ఎస్టరీకరణ చేస్తారు. జంటకు నలభై నిమిషాలు పడుతుంది.

హైమవతి ఎసిటిక్ వారి అమ్మాయి. పుట్టినప్పుడు ఆల్డిహైడ్. డిగ్రీ పరీక్షలు రాశాక ఆక్సీకరణ పొంది ఆమ్లమైంది. వాళ్లన్న కీటోన్. అవే పరీక్షలు మూడుసార్లు రాసినా ఆయనకు ఏమీ కాలేదు. మనిషి మాత్రం బంగారం. హైమవతికి పాల కేంద్రంలో తనిఖీ ఉద్యోగం. ఆమె క్యానులో వేలు ముంచితే సోడా కలిపిన పాలు బుసబుసా పొంగేవి. పాలవాళ్లు ఆమెకు దూరం నుంచే దణ్ణం పెట్టేవారు.

వరుడు ఇథైల్ రంగధామం. ఆల్కహాల్ వంశంలో పుట్టినా దగ్గుమందు కూడా తాగనివాడు. హైమవతి పులుపంటే అతనికి ప్రాణం.

శుక్రవారం ఇద్దరినీ వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టారు. గంధకామ్లం గారు సాక్షి. ఆయన రోజుకు పన్నెండు పెళ్లిళ్లు జరిపించి, తాను ఏమాత్రం మారకుండా ఇంటికి వెళతారు. గుమాస్తా సత్యవాణి నిబంధన చదివింది. జంట నుంచి ఒక నీటి అణువు బయటికి పోవాలి. అందులో ఆక్సిజనూ ఒక హైడ్రోజనూ వధువువి, మిగిలిన హైడ్రోజను వరుడిది.

"ఆక్సిజను ఆయన దగ్గర తీసుకోకూడదాండీ?" అని అడిగింది హైమవతి.

తనకేం అభ్యంతరం లేదన్నాడు రంగధామం. నిజంగానే అన్నాడు.

"ఫారంలో ఆ గడి లేదమ్మా," అంది సత్యవాణి. "త్వరగా కానివ్వండి, నీళ్లు చల్లారిపోతున్నాయి."

విడిపోవాలనుకుంటే మళ్లీ నీళ్లు పోసి కాచే పద్ధతి ఉందని, దానికి వేరే అర్జీ పెట్టుకోవాలని కూడా చెప్పింది. హైమవతి అతని వంక చూసి, నవ్వి, సంతకం పెట్టింది. ఆఫీసంతా మగ్గిన పళ్ల వాసన కమ్మింది. రిజిస్టరులో ఇథైల్ ఎసిటేట్ అని రాశారు. ఇంటిపేరు ముందే వచ్చింది కనుక ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

సోమవారం ఆమె ముప్పై క్యాన్లలో వేలు ముంచింది. ఒక్కటీ పొంగలేదు. పాలలో సోడా లేక కాదని, తన వేలిలోనే పస పోయిందని మేనేజరుకు దాచకుండా చెప్పింది.

"పొంగలేదంటే మంచి పాలేగా అమ్మా," అన్నాడాయన. పాలవాళ్లందరూ ఆమెనే కొనసాగించమని కోరుతున్నారట. నెల తిరిగేసరికి గంధవరం కల్తీ లేని ఊరని కేంద్రం ముందు బోర్డు కట్టి, ఆమెకు శాలువా కప్పారు.

ఆ సాయంత్రం రంగధామం కాఫీ ఒక గుక్క తాగి ఆగాడు.

"సబ్బు రుచి వస్తోందేమిటి, హైమా?"

"ఊరంతా ఇవే పాలండీ," అంది ఆమె. "నేనే పాస్ చేశాను."

అతను గ్లాసు ఖాళీ చేసి, బాగుందన్నాడు.