ఆట చివరి పాట

సోమవారం ఉదయం, గనుల ఊరు స్క్రాంటన్‌లో వాన. హాలు వెనక గదిలో బూట్లు తుడుచుకుంటూ లెమ్యూల్ టిబ్స్ ఈ రోజు జనాన్ని నవ్వించాలని నిర్ణయించుకున్నాడు. దేశమంతటా హాళ్లున్న ఒక కంపెనీ నుంచి డాబ్నీ అనే పెద్దమనిషి సాయంత్రం రైలుకు వస్తున్నాడు. పాట నచ్చితే ఏడాది పని. నచ్చకపోతే శనివారంతో సరి. ఆ తర్వాత టిబ్స్ దంపతులకు తలదాచుకోవడానికి గది కూడా ఉండదు.

ఆ హాల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, ఎనిమిది మంది వరసగా ఆడిపాడే ఒకే ఆట తిరిగి తిరిగి నడుస్తుంది. టికెట్ కొన్నవాళ్లు ఎంతసేపైనా కూర్చోవచ్చు. వరసలో అందరికన్నా చివర లెమ్యూల్ పాట. సముద్రంలో మునిగిన నావికుడి మీద, పదహారు చరణాలు. భార్య హెస్టర్ హార్మోనియం వాయిస్తుంది. రెండో చరణానికే జనం లేచిపోయేవారు.

"గనిలో షిఫ్టు మారే వేళ కదా, పాపం," అనేవాడు లెమ్యూల్.

"ఆడవాళ్లకీ షిఫ్టేనా?" అనేది హెస్టర్.

ఆ మధ్యాహ్నం అతను నావికుణ్ణి ముంచలేదు. వాణ్ణి ఒడ్డున నిలబెట్టి, వాడి అత్తగారిని ముంచాడు. హాలు గొల్లుమంది. ఒక్కరూ లేవలేదు. తర్వాతి ఆటకు టికెట్లు కొన్నవాళ్లు వానలోంచి లోపలికి తోసుకొచ్చారు. సీట్లు లేక గోడల వెంట నిలబడ్డారు, మెట్ల మీద కూర్చున్నారు. ఒకాయన తడిసిన టోపీని హార్మోనియం మీద ఆరేశాడు. అదీ ఆటలో భాగమే అనుకుని ఇంకా నవ్వారు. బయట మిగిలినవాళ్లు టికెట్ల గది అద్దం పగలగొట్టారు. పోలీసులొచ్చారు. వాళ్లూ నిలబడి విన్నారు.

మేనేజర్ క్రౌలీ లెమ్యూల్‌ని తెర వెనక్కి లాగాడు.

"ఏం పని చేశావయ్యా?"

"నవ్వారు కదండీ!"

"నవ్వించడానికి నీ ముందు ఏడుగురున్నారు. నిన్ను పెట్టుకుంది హాలు ఖాళీ చెయ్యడానికి! నువ్వు పాడితే పాతవాళ్లు పోతారు, కొత్తవాళ్లు వస్తారు. ఇన్నాళ్లూ ఈ మాట నీకెవరూ చెప్పలేదా?"

లెమ్యూల్ హెస్టర్ వైపు తిరిగాడు. ఆమె హార్మోనియం మూత తుడుస్తోంది.

"నీకు తెలుసా?"

"పూట గడుస్తోంది కదా అని ఊరుకున్నాను."

సాయంత్రం అతను నావికుణ్ణి మళ్లీ ముంచాడు. ఈసారి నిజంగానే ఏడ్చాడు. మొదటి చరణం పూర్తికాకముందే మెట్ల మీదివాళ్లు, గోడల వెంట ఉన్నవాళ్లు, పోలీసులు అందరూ వెళ్లిపోయారు. అతను కళ్లు మూసుకుని, ఖాళీ కుర్చీలకు పదహారు చరణాలూ పాడాడు.

జనంతో పాటు గుమ్మం దాకా వెళ్లిన ఒకాయన గొడుగు తెరవబోయి, ఆగి, పాట అయ్యేదాకా అక్కడే నిలబడి, వెనక్కి వచ్చాడు. డాబ్నీ.

"నిన్ను చూడ్డానికే వచ్చానయ్యా. ఎప్పుడు లేచానో నాకే తెలీలేదు," అన్నాడు.

"తప్పయిపోయిందండీ."

"తప్పేంటి? మా హాళ్లన్నిటికీ నువ్వు కావాలి. చివర్లోనే. ఒక్క చరణం కూడా మార్చకు."

లెమ్యూల్ కలం అందుకునేలోపే హెస్టర్ ఒప్పందం మీద సంతకం పెట్టింది.

ఆ ఏడాది స్క్రాంటన్ నుంచి సియాటిల్ దాకా జనం వేళకు ఇళ్లకు చేరారు.