కొండెక్కిన గేర్‌బాక్సు

ఆ ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. తోడల్లుడి షెడ్డులో ఉన్న మరుగుదొడ్ల ట్రెయిలర్‌ను కొత్త బండికి తగిలించుకుని, కొండమీద పార్కు దాకా లాక్కెళ్ళి, అక్కడ విడిచిపెట్టి, భోజనం వేళకు ఇంటికి వచ్చేయాలి. అంతే. ఇంత చిన్న పనిని చెడగొట్టడం మామూలు మనిషి వల్ల కాదు. అందుకు సర్వజ్ఞుడే కావాలి.

సర్వజ్ఞుడన్నది ఆఫీసువాళ్ళు ఆయన వెనకాల పెట్టుకున్న పేరు. ఒకసారి ఆయన చెవిన పడింది కూడా. పొగడ్త అనుకుని ఆ రోజంతా మెడ నిటారుగా పెట్టుకుని తిరిగాడు. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో అమ్మకాల మేనేజరు. లిఫ్టు బిగించడం రాదు, బాగుచేయడం రాదు. మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళతో పాటు అరవడం వచ్చు. అయినా బరువులు పైకెత్తే విద్యలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. ఈమధ్యే గేర్లు వేయనక్కర్లేని పెద్ద బండి ఒకటి కొన్నాడు. అప్పటినుంచి ఎడమకాలికి పనిలేకుండా పోయింది. ఆ తీరిక నోటికి కూడా దొరికితే బాగుండునని భార్య అనుకోని రోజు లేదు.

తోడల్లుడు ఆయనకు తగినవాడే. కుర్చీలు, టెంట్లు, ట్రెయిలర్లు అద్దెకిచ్చే వ్యాపారం. "గేరు మార్చనివాడు కూడా డ్రైవరేనా తమ్ముడూ? అది ఊయల. పిల్లల్ని జోకొట్టడానికి పనికొస్తుంది" అని కొత్త బండి చూసిన రోజే అన్నాడు. ఇంతటి గేర్ల భక్తుడూ పగలంతా క్లచ్చి మీద కాలు ఆనించుకునే లారీ నడుపుతాడు. సరిగ్గా పార్కు ప్రారంభోత్సవానికి ముందు ఆ క్లచ్చి కాస్తా మాడి ఊరుకుంది. ఆ వేడుకకు వచ్చే జనానికి మరుగుదొడ్లు చేర్చకపోతే పురపాలక సంఘం ఇంకెప్పుడూ తన గడప తొక్కదు. ఊయల యజమానిని బతిమాలక తప్పలేదు. తాను నోరు తెరిచి అడగలేక, భార్య చేత ఆమె చెల్లెలికి ఫోను చేయించాడు. చెల్లెలు అక్కకు మాటిచ్చేసింది.

బయల్దేరే ముందు కొండమీది నుంచి తోడల్లుడి ఫోను. కుర్చీలు వేయించడానికి అతను ముందే వెళ్ళాడు.

"తమ్ముడూ, ఒక్క మాట. ట్యాంకు ఖాళీగా ఉంచుకుని కొండెక్కండి. నిండుగా ఉంటే చచ్చినా ఎక్కదు."

"అలాగే అన్నగారూ" అని ఫోను పెట్టేసి, సర్వజ్ఞుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "విన్నావా మీ బావ తెలివి? ట్యాంకులో పెట్రోలు లేకుండా కొండెక్కాలట! అసూయకైనా ఒక అంతుండాలి."

ఆ అసూయకు జవాబుగా దారిలో బంకు దగ్గర ఆగి, మూత దాకా పెట్రోలు కొట్టించాడు. షెడ్డులో ట్రెయిలర్ సిద్ధంగా ఉంది. పక్కపక్కనే మూడు గదులు, వెనక చివర పెద్ద నీళ్ళ ట్యాంకు. ఆ ట్యాంకు ఖాళీగా ఉంది. పక్కనే కుళాయి, దానికి గొట్టం.

"చూశావా నిర్లక్ష్యం? పైకెళ్ళాక నీళ్ళు లేవంటే మాట పడేది మనం" అంటూ గొట్టం అందుకున్నాడు.

"ఏమండీ, బావ ఖాళీగా ఉంచమన్న ట్యాంకు ఇదేనేమో?" అంది భార్య.

"నీళ్ళ ట్యాంకుకీ కొండకీ సంబంధం ఏంటే? బరువుల సంగతి నాకు చెబుతున్నావా?"

భార్య ఇంకేమీ అనలేదు. పెళ్ళయిన కొత్తలో అనేది. ట్యాంకు పొర్లేదాకా నీళ్ళు పట్టాడు. బరువంతా ట్రెయిలర్ తోకలో చేరేసరికి దాని మూతి పైకి లేచింది. దాంతోపాటు బండి వెనక భాగం కూడా కాస్త లేచి, గోడ అవతలికి తొంగిచూసే మనిషిలా మునివేళ్ళ మీద నిలబడింది.

చదును రోడ్డు మీద ట్రెయిలర్ కుక్క తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. "గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు సర్వజ్ఞుడు. రోడ్డు పక్క చెట్ల ఆకు ఒక్కటీ కదలడం లేదు. ఎదురుగా ట్రెయిలర్ బొమ్మ ఉన్న మీట ఒకటి కనిపిస్తే, అదేమిటని భార్య అడిగింది. "ముందు లారీ అడ్డొస్తే హెచ్చరించేది. మనకక్కర్లేదు" అన్నాడు. బరువు లాగేటప్పుడు గేర్‌బాక్సును కాపాడటానికి ఆ బండి చేసినవాళ్ళు పెట్టిన మీట అదొక్కటే.

కొండదారి మొదలయింది. బండి ఒక గేరు పైకెళ్ళేది, లాగలేక కిందికొచ్చేది, సిగ్గుపడి మళ్ళీ పైకెళ్ళేది.

"అలా మూలుగుతోందేంటండీ?"

"మూలగడం కాదు. ఆలోచిస్తోంది. మీ బావ లారీకి ఆ శక్తి లేదు."

సగం దూరం ఎక్కేసరికి ముందు వాహనాలు ఆగిపోయాయి. నిటారైన ఎత్తు. ఎవరైనా అక్కడ బ్రేకు నొక్కి కూర్చుంటారు. సర్వజ్ఞుడు బ్రేకు మీద కాలు పెట్టలేదు. యాక్సిలరేటరే సన్నగా నొక్కి పట్టి, బండి ముందుకూ పోకుండా వెనక్కూ రాకుండా గాల్లో నిలబెట్టాడు.

"చూడు, చూడు. బ్రేకు లేకుండానే నిలబడింది. ఇదీ ఆటోమేటిక్ అంటే!"

ముందు వరుస కదిలేదాకా ఆ ప్రదర్శన సాగింది. లోపల గేర్‌బాక్సులో నూనె బజ్జీలు వేయించేంత కాగిపోయింది.

"ఏదో మాడుతున్న వాసన వస్తోంది."

"కొత్త బండి. అలాగే వస్తుంది."

"ఎర్రలైటు కూడా వెలిగింది."

"అది..." అన్నాడు సర్వజ్ఞుడు. ఆ వాక్యం పూర్తికాలేదు. బండి ఒక్క కుదుపు కుదిపి, గేరు పట్టు వదిలేసి, ఇంజను ఎంత అరిచినా పాకడం తప్ప నడవనని మొండికేసింది. ఆయన గుండె జారింది. అయితే గుండె కన్నా పరువు బరువైనది కాబట్టి, "పక్కకు తీసి కాస్త చల్లారనిద్దాం" అని వెనక్కి పోనిచ్చాడు.

అదే సమయానికి, ట్రెయిలర్ ఎంతకీ రాలేదని తోడల్లుడు మోటారుసైకిలు మీద దిగొచ్చాడు. దిగీ దిగకముందే వెనక నిలబడి చేతులూపాడు.

"ఎడమకి! ఎడమకి రానీయండి!"

అతను చెప్పింది ట్రెయిలర్ ఎడమకు రావాలని. సర్వజ్ఞుడు స్టీరింగు ఎడమకు తిప్పాడు. వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు ఎటు తిప్పితే ట్రెయిలర్ దానికి విరుద్ధంగా పోతుందన్న సంగతి, ఆయనకు తెలిసిన సమస్త విషయాల్లోనూ లేదు.

"ఎడమకి అంటే కుడికి పోతారేంటి తమ్ముడూ!"

"ఎడమకే కదా తిప్పాను! మీకు కుడి ఎడమలు తెలుసా అసలు?"

ఈ సంభాషణ ముగిసేసరికి బండీ ట్రెయిలరూ కత్తెరలా మడతపడి, రోడ్డుకు అడ్డంగా ఇటు గట్టు నుంచి అటు గట్టు దాకా గోడ కట్టేశాయి. సైకిలు దూరే సందు లేదు. చక్రాల కింద రాళ్ళు పెట్టాక తోడల్లుడు ట్రెయిలర్ ట్యాంకును వేలితో తట్టి చూశాడు. నిండుకుండ తొణకలేదు.

"ఖాళీగా ఉంచమన్నానుగా!"

"ఏ ట్యాంకో చెప్పారా?"

"పెట్రోలు ఖాళీ చేసుకుని రమ్మని ఏ వెధవైనా చెబుతాడా?"

"అందుకే కదా నవ్వుకున్నాను!"

కింద హారన్లు మొదలయ్యాయి. పార్కుకు అదొక్కటే దారి. ప్రారంభోత్సవానికి వచ్చేవాళ్ళంతా ఆ గోడకు ఇవతలే చిక్కుకున్నారు. వరుసలో మొదటిది బ్యాండువాళ్ళ బస్సు. పొద్దున్నే బయల్దేరి, దారి పొడుగునా టీలు తాగుతూ వచ్చిన బస్సు. అందులోంచి డప్పు వాయించే లావుపాటి మనిషి దిగి, బానెట్‌లో తలదూర్చి ఉన్న సర్వజ్ఞుడి దగ్గరికి వచ్చాడు.

"తెరిచారా అండీ?" అన్నాడు, ట్రెయిలర్ గదుల వైపు చూస్తూ.

"తెరిచి చాలాసేపయింది" అన్నాడు సర్వజ్ఞుడు, బానెట్ సంగతనుకుని.

"వాడుకోవచ్చా?"

"చల్లారాక వాడుకోవచ్చు."

డప్పాయనకు చివరి మాట అర్థం కాలేదు. అర్థం చేసుకునేంత వ్యవధీ లేదు. గబగబా వెళ్ళి మొదటి గదిలో దూరాడు. బయటికొచ్చినప్పుడు ఆయన ముఖంలోని శాంతి చూసి బస్సు బస్సంతా కిందికి దిగింది. వెనక కార్లు, ఆ వెనక వ్యానులు. చూస్తుండగానే మూడు గదుల ముందు కొండచిలువంత వరుస.

తోడల్లుళ్ళిద్దరూ తప్పు నీదంటే నీదని అరుచుకుంటున్నారు కాబట్టి, ఆ వరుస సంగతి చూడటానికి భార్య ఒక్కతే మిగిలింది. ముసలివాళ్ళను ముందుకు పిలిచింది. తోసుకొచ్చిన బాకా ఊదేవాడిని చివరికి పంపింది. తన సంచిలోని సబ్బు తీసి ట్రెయిలర్‌కున్న కుళాయి దగ్గర పెట్టింది.

"నీళ్ళన్నీ అయిపోతున్నాయి. బరువు తగ్గి బండి తేలికవుతుంది, చూడండి" అన్నాడు సర్వజ్ఞుడు, కొత్త ఆశతో.

"నీళ్ళు పై ట్యాంకులోంచి కింది మురుగు ట్యాంకులోకి పోతున్నాయి తమ్ముడూ. పైగా ఊరంతా తలా కాస్త కలుపుతోంది" అన్నాడు తోడల్లుడు.

అప్పుడు ట్రాఫిక్ పోలీసు వచ్చాడు. ఎండలో కొండెక్కి వచ్చిన మనిషి. ముఖం కందగడ్డలా ఉంది.

"దారికడ్డంగా పెట్టిన ఈ దొడ్లెవరివి?"

"బండి మాత్రం నాదండి. వెనక తగిలించింది ఆయనది" అన్నాడు సర్వజ్ఞుడు.

"నాదెలా అవుతుంది? షెడ్డు దాటాక లాగేవాడిదే బాధ్యత. నాకు సంబంధం లేదు" అన్నాడు తోడల్లుడు.

"నాకసలే లేదు."

"ఇంతమంది ముందు అడుగుతున్నా. ఇది మీ ఇద్దరిదీ కాదా?"

"కాదు" అన్నారిద్దరూ. బంధుత్వం కలిశాక వాళ్ళు ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

భార్యకు ఒళ్ళు మండిపోయింది. అక్కకు ఇచ్చిన మాట గుర్తొచ్చింది.

"నాదండి" అంది, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ. "ఏం శిక్ష వేస్తారో నాకే వేయండి. ముందు ఆ పెద్దావిడను లోపలికి పోనివ్వండి, పాపం, మోకాళ్ళు నొప్పులట."

పోలీసు తిరిగి చూసి కొయ్యబారిపోయాడు. ఆ పెద్దావిడ పార్కు ప్రారంభించవలసిన పురపాలక సంఘం అధ్యక్షురాలు. కారు దిగి, పట్టుపట్టి అందరితోపాటు వరుసలో నిలబడింది. నిలబడటం ఇక ఆవిడ వల్ల కావడం లేదు. పోలీసు తానే తలుపు తీసి పట్టుకున్నాడు.

కాసేపటికి ఆవిడ తేరుకుని బయటికొచ్చింది. సబ్బుతో చేతులు కడుక్కుంది. వరుసను చూసింది, శుభ్రంగా ఉన్న గదులను చూసింది.

"ఇన్నేళ్ళుగా ఈ కొండ ఎక్కుతున్నాం. సగం దారిలో మనిషికి అవసరం పడుతుందని మా ఇంజనీర్లలో ఒక్కడికి తట్టలేదు. ఎవరిది ఈ ఏర్పాటు?"

"నా..." అంటూ తోడల్లుళ్ళిద్దరూ ఒక్కసారే ముందుకొచ్చారు.

"మేడమ్, వీళ్ళిద్దరిదీ కాదట. ఇప్పుడే అందరి ముందూ ఒప్పుకున్నారు" అన్నాడు పోలీసు. "ఈవిడదట." డప్పాయన సాక్ష్యం చెప్పాడు. బ్యాండంతా తలూపింది.

ఆ పూట బ్యాండువాళ్ళే ట్రెయిలర్‌ను విడదీసి, మలుపులోని ఖాళీస్థలంలోకి నెట్టి నిలబెట్టారు. దారి తెరుచుకుంది, పార్కూ తెరుచుకుంది. కొత్త బండి మాత్రం ఇంకో బండి వెనక కట్టించుకుని కిందికి దిగింది. ఆ మలుపులో శాశ్వతంగా మరుగుదొడ్లు నడిపే పని అధ్యక్షురాలు భార్యకే అప్పగించింది. భార్య అక్కను కలుపుకుంది. ట్రెయిలర్ నాదని తోడల్లుడు ఇంట్లో గొంతు చించుకుంటే, "పోలీసుల ముందు కాదన్నారుగా, ఇప్పుడు ఔనంటే దొంగసాక్ష్యం అవుతుంది" అని వాళ్ళావిడ అన్నం వడ్డించి వెళ్ళిపోయింది.

ఇప్పుడు కొండెక్కేవాళ్ళంతా అక్కడ ఓ నిమిషం ఆగి వెళ్తున్నారు. తోడల్లుళ్ళిద్దరూ మాత్రం, ఎంత అర్జంటయినా సరే, పళ్ళు బిగబట్టుకుని పైదాకా పోతారు.